నల్లగొండ, పాలమూరు బతుకమ్మలో పాట దొరకాలంటే

సద్దుల బతుకమ్మ నాడు మైదానానికి వెళ్లి, గంటల తరబడి నిలబడి, ఫోన్ నిండా ఫోటోలు పట్టుకుని, ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరి దాకా వినకుండా ఇంటికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెల ముందు నిలబడితే ఎవరికైనా అంతే దొరుకుతుంది. అదే మైదానంలో ఓ మూలన, పదిహేను మంది ఆడవాళ్లు వలయం కట్టి, మైకు లేకుండా పాడుకుంటూ ఉంటారు. మధ్యలో ఒక పెద్దావిడ పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. తెలంగాణలో ఏటా ఆరుబయట ఇంతమంది కలిసి పాడే సందర్భం ఇంకొకటి లేదని నా నమ్మకం. ఆ మూలకు మిమ్మల్ని చేర్చడానికే ఇదంతా రాస్తున్నాను. పుట్టింటికి వచ్చే ఆడబిడ్డలకు, హైదరాబాద్‌లో పెరిగి ఊరి పండుగ సరిగా చూడనివాళ్లకు, కొత్తగా ఈ జిల్లాలకు ఉద్యోగం మీద వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందు తేదీ తేల్చుకోండి

భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో నాడు సద్దులతో ముగుస్తుంది. ఇంగ్లీషు నెలల్లో సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ నాలుగో వారం దాకా ఎప్పుడైనా పడొచ్చు. సద్దులు చాలాచోట్ల దుర్గాష్టమి నాడు వస్తాయి. తిథి ఎక్కువ తక్కువైన ఏడు మాత్రం పక్కపక్క ఊళ్లలోనే ఒకరు ఇవాళ, ఒకరు రేపు అంటారు. కాబట్టి క్యాలెండర్ చూసి టికెట్లు బుక్ చేయకండి. మీరు వెళ్లే ఊళ్లో ఉన్న బంధువుకో, గుడి పూజారికో ఫోన్ చేసి "మన దగ్గర సద్దులు ఏ రోజు?" అని అడిగి ఖాయం చేసుకోండి.

ఒక్క రోజే వీలవుతుందంటే అందరూ సద్దులనే ఎంచుకుంటారు. పాట కోసమైతే నేను ఇంకో సలహా ఇస్తాను. రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు, అంటే అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ రోజుల్లో, కాలనీల్లో, గుడి ముందర, అపార్ట్‌మెంట్ కింద చిన్న చిన్న ఆటలు ఉంటాయి. జనం తక్కువ, పెట్టెలు చిన్నవి, కొన్నిచోట్ల అసలు ఉండవు. పాట తెలిసిన వదినె తీరికగా పాడుతుంది, తెలియని పిల్ల నెమ్మదిగా నేర్చుకుంటుంది. కుదిరితే ఇందులో ఒక సాయంత్రం, ఆపైన సద్దుల సాయంత్రం పెట్టుకోండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆట ఉండదు. ఆ సంగతి తెలియక సరిగ్గా ఆ రోజే దిగితే నిరాశ తప్పదు. ఇంకో మాట: చాలా పల్లెల్లో మొదటి రోజు, చివరి రోజు మాత్రమే గట్టిగా ఆడతారు. మధ్య రోజుల ఆట కావాలంటే పట్టణమే మేలు.

అమావాస్యతో మొదలయ్యే పండుగ కాబట్టి మొదటి రోజుల్లో వెన్నెల ఉండదు. వీధి దీపాలు సరిగా లేని చోటికి వెళ్తే టార్చి లైటు తప్పనిసరి. సద్దుల నాటికి సగం చంద్రుడు పొద్దుగూకేసరికే దక్షిణాన బాగా పైకి వచ్చి ఉంటాడు, దాదాపు అర్ధరాత్రి దాకా వెలుగిస్తాడు. మబ్బు లేకపోతే కట్ట మీద లైట్లు ఆరిపోయినా మనుషులు కనిపిస్తారు.

ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి

పట్టణాల్లో ఆట ఎక్కువగా చెరువు కట్టల మీద, కాలేజీ మైదానాల్లో, పార్కుల్లో జరుగుతుంది. నల్లగొండలో వల్లభరావు చెరువు, ఊరికి ఆనుకుని పానగల్లు దగ్గర ఉదయసముద్రం ఉన్నాయి. సూర్యాపేటలో ఏకంగా సద్దుల చెరువు అనే పేరుతోనే చెరువు ఉంది, దాని కట్టను మినీ ట్యాంక్‌బండ్‌గా చేశారు. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో పెద్ద చెరువు కట్ట కూడా అలాగే మినీ ట్యాంక్‌బండ్ అయింది. ఏ చోట ఏ ఏర్పాట్లు చేస్తారన్నది ఏటా మారుతుంది. మున్సిపాలిటీ వాళ్లు రెండు మూడు రోజుల ముందే లైట్లు, బారికేడ్లు కడతారు కాబట్టి ఆ పని ఎక్కడ జరుగుతోందో చూస్తే పెద్ద ఆట ఎక్కడో తెలిసిపోతుంది.

హైదరాబాద్ నుంచి నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా ఇంచుమించు వంద కిలోమీటర్లు. దసరా సెలవుల్లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో సీటు దొరకడం కష్టం. నల్లగొండ, సూర్యాపేట వెళ్లేవాళ్లు చాలామంది ఎల్బీనగర్‌లో, పాలమూరు వెళ్లేవాళ్లు ఆరాంఘర్‌లో ఎక్కుతారు, కానీ పండుగ ముందు రోజు అక్కడికి వచ్చేసరికే బస్సు నిండిపోయి ఉంటుంది. ఆ ఒక్క రోజు బస్‌స్టేషన్‌కే వెళ్లి ఎక్కండి. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవడం మరవకండి. పాలమూరుకు కాచిగూడ నుంచి రైళ్లున్నాయి, పిల్లలతో వెళ్తే రైలే సుఖం.

పొద్దున్నే చేరితే పగలు ఖాళీగా ఉంటుంది. నల్లగొండ వెళ్లినవాళ్లు ఆ సమయంలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడొచ్చు. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడ కోసం దూరదూరాల నుంచి వస్తారు. కానీ మధ్యాహ్నం మాత్రం ఇంటికి వచ్చి ఒక గంట నడుం వాల్చండి. రాత్రి చాలాసేపు నిలబడాలి.

పాటను ముందే కాస్త గొంతులోకి తెచ్చుకోండి

కొత్తవాళ్లకు ఉండే పెద్ద టెన్షన్ "నాకు పాట రాదు కదా" అని. నిజానికి బతుకమ్మ పాట, రానివాళ్ల కోసమే కట్టినట్టు ఉంటుంది. ఒకరు చరణం చెప్తారు, అందరూ అదే చరణాన్ని తిరిగి అంటారు. ప్రతి చరణం చివర ఒకే మాట వస్తుంది: ఉయ్యాలో, చందమామ, గౌరమ్మ, వలలో, కోల్. ఆ చివరి మాట పట్టుకుంటే చాలు, మీరు పాటలో ఉన్నట్టే. మొదటి ఐదు నిమిషాలు ఆ ఒక్క మాటే అనండి. తర్వాత చరణం దానంతట అదే నోటికి వస్తుంది, ఎందుకంటే పాడే ఆవిడ ఒకసారి అన్నాకే మీ వంతు వస్తుంది.

చరణం ఎలా ఉంటుందో తెలియడానికి నేనే నాలుగు ముక్కలు అల్లి చూపిస్తాను:

పానగల్లు కట్ట ఉయ్యాలో
మత్తడి దూకింది ఉయ్యాలో
తానమాడె నేల ఉయ్యాలో
తంగేడు నవ్వింది ఉయ్యాలో

రెండు చిన్న ముక్కలు, ఆ వెనక ఉయ్యాలో. అంతే. దీన్ని చప్పట్లు కొడుతూ పైకి చదవండి, చప్పట్టు ఎక్కడ పడాలో చేతికే తెలుస్తుంది. ఇంట్లో పిల్లలతో కూర్చుని వాళ్ల బడి మీద, వాళ్ల అమ్మమ్మ మీద, ఇంటి ముందు కుక్కపిల్ల మీద ఇలాగే చరణాలు కట్టించండి. పాత పాటలన్నీ ఇలా నోటితో అల్లినవే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కోడళ్లతో పాటు వెళ్లి, కొన్ని మాటలు పోయి, కొన్ని కలిసి, ఇప్పటి రూపానికి వచ్చాయి. అందుకే ఒకే కథ నకిరేకల్‌లో ఒక తీరుగా, నాగర్‌కర్నూల్‌లో ఇంకో తీరుగా వినిపిస్తే "తప్పు పాడుతున్నారు" అనకండి. రెండూ సరైనవే.

ఏ పాట ఏ కథ చెప్తుందో కొంచెం తెలిసి వెళ్తే వినడంలో రుచి పెరుగుతుంది. ధర్మాంగదుడనే చోళరాజు, సత్యవతి దంపతులకు నోముల ఫలంగా లక్ష్మి బిడ్డగా పుట్టడం, మునులు వచ్చి ఆ పాపను 'బతుకమ్మా' అని దీవించడం ఒక పెద్ద కథ. ఇది ఎత్తుకుంటే అయిపోవడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో వెళ్లిపోకండి. సీతమ్మ కష్టాలు, శివపార్వతుల కయ్యాలు, అత్తింట్లో కోడలి బాధ, పుట్టింటి నుంచి అన్న వచ్చి తీసుకుపోవడానికి అత్తను మామను అనుమతి అడగడం, ఇవి అన్ని ఊళ్లలోనూ వినిపిస్తాయి. అన్న వచ్చే పాటల్లో ఒక్కొక్కరినీ అడుగుతూ పోతారు: అత్తను అడుగు అని మామ, బావను అడుగు అని అత్త, అలా అందరూ తప్పించుకుంటారు. అది పాడేటప్పుడు వలయంలో ఉన్న పెద్దవాళ్ల ముఖాలు చూడండి. ఎవరి అత్త గుర్తొచ్చిందో వాళ్లకే తెలుసు.

ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ప్రత్యేకంగా ఇంకో పాయ ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఈ జిల్లా గుండెకాయ. అప్పుడు దొరల మీద, రజాకార్ల మీద, చనిపోయిన వీరుల మీద ఇదే ఉయ్యాలో బాణీలో పాటలు కట్టారు. చదువు రానివాళ్లకు కూడా కబురు చేరేది, పాడితే చాలు గుర్తుండేది. ఆ తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలోనూ బతుకమ్మ వలయాలు రోడ్ల మీదికి వచ్చాయి. 2014లో రాష్ట్రం వచ్చాక దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. తుంగతుర్తి, సూర్యాపేట వైపు వెళ్తే పెద్దవాళ్లను అడిగి చూడండి, ఆ పోరాట పాటల్లో రెండు చరణాలైనా గుర్తున్నవాళ్లు దొరికితే అదృష్టం.

పిల్లలకు నేర్పించాలంటే బతుకమ్మ దాకా ఆగక్కర్లేదు. అమావాస్యకు ముందు రోజుల్లో పెళ్లికాని ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. పాటలు చిన్నవి, అడుగులు తేలిక. ఇప్పుడు పట్టణాల్లో తగ్గిపోయింది, మీ వాకిట్లోనే నలుగురు పిల్లల్ని పోగేసి మొదలుపెట్టొచ్చు.

పూలు, బట్టలు, సంచి

పూల పేర్పు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. సద్దుల ముందు రోజు మార్కెట్‌లో బంతి ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. తంగేడు, గునుగు కొనకండి, పొద్దున్నే బండి తీసుకుని ఊరి బయటికి వెళ్లండి. గునుగు చేలల్లో, గట్ల మీద కలుపు మొక్కగా తెల్లగా నిలబడి ఉంటుంది. తంగేడు ఎర్ర నేలల్లో, గుట్టల అంచుల్లో దొరుకుతుంది. చెట్టు విరవకుండా పూల రెమ్మలు మాత్రం తుంచండి, ప్లాట్లు పడ్డాక ఆ చెట్లే కరువవుతున్నాయి. సిబ్బిలోనో తాంబాలంలోనో గుమ్మడాకు పరిచి, కింద తంగేడు, వరుసలుగా మిగతా పూలు, మధ్యలో ఆకుల తురుము కూరి, పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. మొదటిసారి పేర్చేవాళ్లు జానెడు ఎత్తు దాటకండి. ఎత్తు బతుకమ్మ ఫోటోకు బాగుంటుంది, కానీ దాన్ని మోసుకుంటూ, ఒరిగిపోతుందేమోనని చూసుకుంటూ ఉంటే పాట మీద ధ్యాస ఉండదు.

బట్టల విషయంలో నా మాట వినండి. ఆ రోజుల్లో వాన ఎప్పుడైనా పడుతుంది, కట్ట మీద బురద, మైదానంలో ఉక్కపోత. పట్టుచీర కట్టుకోవాలని ఉంటే మధ్య రోజుల్లో గుడి దగ్గర ఆటకు కట్టుకోండి. సద్దులకు గద్వాల, నారాయణపేట కాటన్ చీర అయితే అందంగానూ ఉంటుంది, వంగి లేవడానికి హాయిగానూ ఉంటుంది. రెండూ మన పాలమూరు నేల మీద నేసినవే. కుచ్చిళ్లు ఒక వేలెడు పైకి కట్టుకోండి. చెప్పులు విడిచి ఆడతారు కాబట్టి ఖరీదైనవి వేసుకోకండి. మెడలో బంగారం ఎక్కువ వద్దు, గుంపులో గొలుసులు పోయిన ఇళ్లు ఉన్నాయి.

సంచిలో: నీళ్ల సీసా, టార్చి, పెద్ద ప్లాస్టిక్ కవరు ఫోన్ల కోసం, ఒక పాత దుప్పటి కూర్చోవడానికి, స్టీలు డబ్బాలో సద్దులు. పెరుగన్నం, పులిహోర, కొబ్బరన్నం, నువ్వుల సద్ది, సత్తుపిండి, మలీద, ఏది చేసినా కొంచెం ఎక్కువ చేయండి. ఆట అయ్యాక అందరూ ఒకరి డబ్బాలోంచి ఒకరికి పెట్టుకుంటారు, అప్పుడు మీ చేతిలో కూడా పెట్టడానికి ఉండాలి. ఆ పెట్టిపుచ్చుకోవడంలోనే మీకు పాటగత్తెతో పరిచయం అవుతుంది. చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. బయలుదేరే ముందు ఇంట్లోనే బాత్రూమ్‌కు వెళ్లి రండి, అక్కడ పెట్టే మొబైల్ టాయిలెట్లు ఆడవాళ్ల సంఖ్యకు ఎప్పుడూ సరిపోవు.

మైదానంలో ఎక్కడ నిలబడాలి

పొద్దు ఉండగానే చేరండి. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్యలో అక్కడ ఉంటే రెండు లాభాలు. బతుకమ్మలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి మధ్యలో కూర్చోవడం చూడొచ్చు, ఇంకా సౌండ్ పూర్తి స్థాయిలో పెట్టకముందే పెద్దవాళ్లు మొదలుపెట్టే తొలి పాటలు వినొచ్చు. గంట ఆలస్యంగా వస్తే ఆ తొలి పాటలు పోతాయి, అవే అసలైనవి.

రాగానే స్టేజీ ఎక్కడుందో, పెట్టెలు ఎటువైపు తిరిగి ఉన్నాయో చూడండి. స్పీకర్ ఎటు చూస్తే అటు మాటా పాటా గట్టిగా కొడుతుంది, దాని వీపు వెనక బేస్ దడదడ మాత్రమే మిగులుతుంది. అందుకని స్టేజీ వెనక వైపుకో, కట్ట రెండో చివరకో, పార్కయితే గేటుకు దూరంగా చెట్ల కిందికో వెళ్లండి. మైకు మోత నచ్చని ఆడవాళ్లు సహజంగా అక్కడికే చేరతారు. వలయం ఎలాంటిదో చప్పట్లను బట్టి తెలిసిపోతుంది. చప్పట్ల చప్పుడు మీ చెవికి విడిగా వినిపిస్తుంటే, అక్కడ గొంతు కూడా వినిపిస్తుంది. ఒక ముసలావిడ మధ్యలో బతుకమ్మకు దగ్గరగా నిలబడి ఉంటే, పక్కనున్నవాళ్లు ఆమె నోటి వైపు చూస్తుంటే, వెతకడం ఆపేయండి. మీకు కావలసిన చోటు అదే.

అలాంటి వలయం ఎక్కడా లేకపోతే మీరే మొదలుపెట్టండి. మీ ఇంటి నుంచి వచ్చిన నలుగురు, పక్కింటి ఇద్దరు, ఆరుగురు చాలు. మొదట మీకు బాగా వచ్చిన ఒక్క పాట ఎత్తుకోండి. రెండో పాటకల్లా ఎవరో ఒక పెద్దమ్మ నడుచుకుంటూ వచ్చి చేరుతుంది, మూడో పాట ఆవిడే ఎత్తుకుంటుంది. ఇది ఎన్నోసార్లు చూశాను.

నిర్వాహకుల్లో మీకు తెలిసినవాళ్లు ఉంటే ముందు రోజే ఒక మాట అడగండి: "అన్నా, మొదటి గంట డీజే వద్దు. మైకు ఒక్కటే పెట్టి, పాడేవాళ్ల చేతికి ఇవ్వండి." పండుగ రోజు అడిగితే ఎవరూ వినరు, అప్పటికి సౌండ్ వాళ్లు పాటల జాబితా పెట్టేసి ఉంటారు. ముందు అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. మైకు దొరికితే ముసలివాళ్ల నోటికి అంటించకండి, బెత్తెడు దూరంలో కింద నుంచి పట్టుకోండి, లేకపోతే గాలి చప్పుడే వస్తుంది.

కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల కోసం ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది. ఏది ఏమైనా పెట్టెలు ఆగే గడియ ఒకటి వస్తుంది. అప్పుడు సగం జనం బండ్ల కోసం పరుగెడతారు. మీరు పరుగెత్తకండి. ఆ తర్వాతి అరగంటలో దుప్పట్ల మీద కూర్చుని పాడేవాళ్లు ఉంటారు, రోజంతా పాడినవాళ్ల గొంతు అప్పటికి బాగా విచ్చుకుని ఉంటుంది. పసిపిల్లలు ఉన్నవాళ్లు మాత్రం పెట్టెల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి, వాళ్ల చెవులు తట్టుకోలేవు.

వలయంలోకి అడుగు పెట్టేటప్పుడు

పాట మధ్యలో దూరకండి. పాట మారేటప్పుడు ఒక చిన్న విరామం వస్తుంది, అప్పుడు ఇద్దరి మధ్య నిలబడి "అక్కా, నేనూ కలవొచ్చా?" అంటే చాలు, జరిగి చోటిస్తారు. కొత్త ముఖమని ఎవరూ ఏమీ అనరు. వలయం ఎటు తిరిగితే అటు. ఒక అడుగు పక్కకు, కొద్దిగా ముందుకు వంగి చప్పట్టు, లేచి మళ్లీ అడుగు. ఒక చప్పట్టు పాట తేలిక. రెండు, మూడు చప్పట్ల పాటల్లో తడబడితే చేతులు వదిలేసి అడుగు మాత్రమే వేయండి, అడుగు కుదిరాక చేతులు కుదురుతాయి. పాటగత్తె వెనకాల కాకుండా, ఆమెకు ఎదురుగా ఉండే చోటు చూసుకోండి. నోటి కదలిక కనిపిస్తే మాట సగం పట్టుబడుతుంది.

నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు వంగనక్కర్లేదు. వలయం లోపల బతుకమ్మల పక్కన కుర్చీ వేసుకుని చప్పట్లు కొడుతూ పాడే అవ్వలు ప్రతిచోటా ఉంటారు. ఫోన్‌ను సంచిలో పెట్టండి. ఒక చేత్తో వీడియో తీస్తూ ఇంకో చేత్తో చప్పట్టు కొట్టడం కుదరదు.

మగవాళ్లు ఏం చేయాలి

ఆట ఆడవాళ్లది. మీరు వలయం బయట నిలబడండి, కానీ వినండి. పొద్దున పూలు తెచ్చేది, బరువైన బతుకమ్మను మైదానం దాకా, చెరువు దాకా మోసేది, పిల్లల్ని చూసుకునేది, ఆటో మాట్లాడేది మీరే. మీ ఇంటి ఆడవాళ్లు పాట మధ్యలో ఉండగా "ఇక పోదాం పదండి" అనకండి. ఏడాదికి ఒక్కసారి దొరికే రాత్రి అది. తెలియనివాళ్ల ఆటను దగ్గరికి వెళ్లి వీడియో తీయకండి. తీయాలనుకుంటే ముందు అడగండి, వద్దంటే ఊరుకోండి. బైకులు కట్ట మీదికి తేకుండా కింద రోడ్డు మీదే పెట్టండి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మీరే ఇరుక్కుంటారు.

చెరువు దగ్గర

వానలు బాగా పడిన ఏడు చెరువు నిండా నీళ్లు, మెట్ల మీద పాచి. తంగేడు, బంతి, పసుపు నీళ్లలో కలిస్తే మంచిదే, కానీ ప్లాస్టిక్ పూలు, థర్మకోల్, రంగు కాగితాలు, అగ్గిపుల్లలు మాత్రం సాగనంపే ముందే తీసేయండి. లోతు తెలియని చెరువులో మోకాలు దాటి దిగవద్దు. చాలాచోట్ల మున్సిపాలిటీ వాళ్లు ఈత వచ్చినవాళ్లను పెడతారు, బతుకమ్మను వాళ్లకు అందించి ఒడ్డునే ఉండండి. పిల్లల చెయ్యి వదలకండి. 'పోయిరా బతుకమ్మా' అని సాగనంపే పాట ఇక్కడ వస్తుంది. తొమ్మిది రోజుల్లో అందరికీ నోటికి వచ్చిన పాట ఇదొక్కటే ఉంటుంది, కాబట్టి సిగ్గుపడేవాళ్లు కూడా ఇక్కడ గొంతు విప్పొచ్చు.

పాటను ఇంటికి తెచ్చుకోవడం

మైదానంలో తీసిన వీడియోల్లో పాట సరిగా రాదు, పక్కనున్న పెట్టెల మోత అంతా అందులో కలుస్తుంది. పాట మీకు నిజంగా కావాలంటే మర్నాడు పగలు ఆ అవ్వ ఇంటికి వెళ్లండి. రాత్రే "అవ్వా, రేపు మీ ఇంటికొస్తా, ఆ పాట ఇంకోసారి పాడతావా?" అని అడిగి పెట్టుకోండి. దసరా పనులు ఎక్కువ ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్తే మంచిది.

ఇంట్లో ఫ్యాను ఆపండి, టీవీ ఆపించండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, ఆవిడకు మూరెడు దూరంలో ఉంచండి. మొదట ఆమె పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి అది కూడా రికార్డు చేయండి. పదేళ్ల తర్వాత పాటంత విలువ ఆ వివరాలకు ఉంటుంది. మాటలు మరిచిపోయిందంటే "గుర్తు తెచ్చుకో" అని తొందర పెట్టకండి. లేచి నిలబడి, ఆమెతో పాటు చప్పట్లు కొట్టండి. కూర్చుంటే రాని చరణం చప్పట్టుతో వస్తుంది. మధ్యలో ఆగిపోతే అక్కడి నుంచి మొదలుపెట్టమనకూడదు, మళ్లీ మొదటి నుంచే ఎత్తుకోనివ్వాలి. కోడలినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టండి. వంత పాడేవాళ్లు ఉంటే ఆవిడకు ఊపు వస్తుంది, మీకు చరణం రెండుసార్లు వినిపిస్తుంది, ఒకసారి తప్పిన మాట రెండోసారి దొరుకుతుంది.

అదే రోజు రాత్రి విని, మాటలు ఒక నోటు బుక్కులో రాసుకోండి. ఆమె అన్న యాసలోనే రాయండి, పుస్తక భాషలోకి మార్చకండి. "వచ్చిండు" అంటే "వచ్చాడు" అని దిద్దితే పాట రుచి పోతుంది. అర్థం కాని మాట దగ్గర గీత పెట్టుకుని మళ్లీ ఫోన్ చేసి అడగండి. రికార్డును ఆమె పిల్లలకు వాట్సాప్‌లో పంపండి, ఆమె ఒప్పుకుంటేనే బయట పెట్టండి. తర్వాత ఆ పాటలోంచి పది చరణాలు ఎంచుకుని ఇంట్లో పిల్లలకు నేర్పండి. వచ్చే పెత్రమాస లోపు వాళ్లకు నోటికి రావాలంటే నెలకు ఒక చరణం చొప్పున నేర్పినా సరిపోతుంది.